మోటారుకు కంకణం

మా అబ్బాయి త్రికోటేశ్వరరావు తయారుచేసిన మోటారు మా ఇంటి పక్కన రేకుల పాకలో ఉండేది. ఇల్లు బడిది, పాకా బడిదే. నరసరావుపేటలో ఒక ప్రైవేటు హైస్కూలులో నేను లెక్కలు చెప్పేవాడిని. కమిటీవారు ఇచ్చిన ఇంట్లోనే మా కాపురం.

అబ్బాయి యుద్ధంలో సైన్యపు మోటారు వర్కుషాపులో పనిచేశాడు. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాక, మిలిటరీవాళ్ళు వేలం వేసిన తుక్కులోంచి ఒక ఇంజనూ, ఒక లారీ రేడియేటరూ తెచ్చుకున్నాడు. ఎవరో పారేసిన చిన్న కారు చట్రం ఒకటి దొరికింది. స్టేషను రోడ్డులో మోటార్లు బాగుచేసే అబ్దుల్ మజీదూ, వాడూ కలిసి వానాకాలమంతా పాకలోనే ఉండి, టేకు పలకలూ రేకులూ కొట్టి ఇద్దరు కూర్చునే బండి ఒకటి నిలబెట్టారు. దానికి పైకప్పు లేదు. ఆ కార్తీకమాసంలోనే వాడికి విషజ్వరం వచ్చింది. ఇరవై నాలుగేళ్ళవాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ బండికి ఒక చప్పుడు ఉండేది. హాండిలు తిప్పగానే ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఆగి ఆగి పలికి, తరువాత సన్నగా, ఎడతెగకుండా సాగేది. బండి వీధి మలుపు తిరగకముందే ఆ చప్పుడు మా ఇంట్లో వినిపించేది. అది విని నా భార్య హైమావతి కంచం కడిగి పెట్టేది.

వాడు పోయాక మజీద్ ప్రతి సాయంత్రం షాపు కట్టేసి మా ఇంటికి వచ్చేవాడు. "ఊరికే పడేస్తే తుప్పు పడుద్దమ్మా" అంటూ హాండిలు తిప్పేవాడు. హైమావతి వంటింటి గడప మీద కూర్చునేది. కాసేపటికి మజీద్ ఇంజను ఆపేవాడు. ఆమె లేచి దీపం పెట్టేది. ఆ కాసేపటి కోసమే ఆమె మిగతా రోజంతా గడుపుతున్నదని నాకు తెలుసు. మజీదుకూ తెలుసు. మేము ముగ్గురమూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మా బడి కమిటీ అధ్యక్షులు నరసింహారావుగారికి పత్తి జిన్నింగు మిల్లు ఉంది. పల్నాడు మోటారు క్లబ్బుకు కూడా ఆయనే అధ్యక్షులు. కార్లున్న మిల్లు యజమానులు, ఒక వకీలు, ఒక డాక్టరు, శావల్యాపురం నుంచి ఒక మోతుబరి అందులో సభ్యులు. యుద్ధంలో పెట్రోలు దొరకక మూతపడిన క్లబ్బు మళ్ళీ లేచింది. ఆదివారాలు మిల్లు ఆవరణలో చేరేవారు. పీపాల మధ్య బండిని వెనక్కి నడపడం, అందరికంటే నెమ్మదిగా నడిపి గెలవడం, పక్కన కూర్చున్నవాడి నోట్లో చెంచా పెట్టి దాని మీది నిమ్మకాయ పడకుండా గుంటలు దాటడం, ఇలాంటి పోటీలు పెట్టుకునేవారు. పత్తి పని ముగిసి మిల్లులు ఖాళీ అయ్యాక, మంచి ఎండల్లో, అందరి పెట్రోలు కూపన్లూ పోగుచేసి గుంటూరు క్లబ్బువాళ్ళతో మాచర్ల దాకా పెద్ద పందెం నడిపేవారు.

ఆ పందెంలో వేగానికి లెక్క లేదు. దారిలో రేడియేటరు మూత తియ్యకుండా మాచర్ల చేరిన బండి గెలిచినట్టు. ఆ నియమం మా అబ్బాయి చెప్పిందే. ఎవరు ఎక్కడ ఆగి నీళ్ళు పోసుకున్నారో తేలక రెండు ఊళ్ళవాళ్ళూ కొట్టుకున్నంత పని చేస్తుంటే, పోస్టాఫీసు సంచికి వేసినట్టు మూతకు లక్క ముద్ర వెయ్యండని వాడు సలహా ఇచ్చాడు. నరసింహారావుగారికి నచ్చింది. ఉత్త లక్క ఏం బాగుంటుందని ఆయన దానికి పసుపు తాడు చేర్చారు. పసుపు తాడు అన్నాక పురోహితుడు వచ్చాడు. పురోహితుడు వచ్చాక మంత్రం వచ్చింది. చివరికి అది మోటారుకు కంకణమై కూర్చుంది. బండికి ఒకటి, యజమాని చేతికి ఒకటి. కంకణం కట్టుకున్నవాడు పొలిమేర దాటకూడదు గదా, మరి మాచర్ల పోవడమెలా అని ఎవరో అడిగితే, బండే ఊరు, దాని తలుపే పొలిమేర అని పురోహితుడు సర్దాడు. దాంతో యజమాని మాచర్ల చేరేదాకా బండి దిగకూడదన్నది కూడా నియమమైంది. మా వాడు ఇదంతా వాళ్ళమ్మకు చెప్పి నవ్వుకున్నాడు.

ఉగాది వెళ్ళిన తరువాత ఒక ఉదయం నరసింహారావుగారు మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. తిన్నగా పాకలోకి వెళ్ళి చేతికర్రతో టైరు మీద తట్టారు.

"మనవాడి బండి ఈ ఏడు పందెంలో పెడదాం మేష్టారూ. నా పెద్ద కారు గురజాల దాటకముందే నీళ్ళు మరిగి టీ కాస్తది. పోయినేడు గుంటూరోళ్ళు నన్ను చూసి ఎట్టా నవ్వారో మీకు తెలవదు. ఇది తేలిక బండి. ఇది పోద్ది."

"సంవత్సరీకం కాలేదండీ" అన్నాను.

"మోటారుకు సూతకమేంది మేష్టారూ!"

"నాకు నడపడం రాదు."

"వచ్చినా మీరు నడపగూడదు. జీతం తీసుకునేవోళ్ళు స్టీరింగు పట్టగూడదని మన రూలు. గుంటూరోళ్ళు లారీ డ్రైవర్లను పట్టుకొచ్చి కోట్లు తొడిగి కూర్చోబెడతంటే పెట్టాం. మీరూ జీతగాళ్ళే గదా!" అని నవ్వారు. "మా మేనల్లుడు భుజంగం నడుపుతాడు. మీరు యజమానిగా పక్కన కూర్చోండి. యజమాని బండిలో లేకపోతే పందేనికి పనికిరాదు. అంతకు మించి మీకేం పని పెట్టం."

"ఆలోచించి చెబుతానండీ."

"ఆలోచించేదేముంది? ఈ ఆదివారం మిమ్మల్ని మెంబరుగా చేర్చుకుంటన్నాం." ఆయన పాక కప్పు వంక చూశారు. "రేకులు చిల్లులు పడ్డయ్యే! వానల్లోపు కమిటీలో చెప్పి కొత్తయి వేయిస్తాలే."

పాక గురించి ఆయన అన్నది అంతే. కొత్త రేకులు వేయించగలిగినవారు పాత రేకులు విప్పించగలరని నాకు అర్థమైంది.

ఆదివారం నా మెడలో బంతిపూల దండ వేశారు. ఒక పంతులు మోటారు క్లబ్బులో చేరడం జిల్లాలోనే మొదటిసారని వకీలుగారు మాట్లాడారు. నిమ్మకాయ సోడా ఇచ్చారు. తరువాత, అలవాటు కావడానికని, నన్ను మా అబ్బాయి బండిలో కూర్చోబెట్టి నోట్లో చెంచా, దాని మీద నిమ్మకాయ పెట్టారు. భుజంగరావు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మావాడి ఈడువాడే. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నా దగ్గర లెక్కలు నేర్చుకున్నారు. మిల్లు గోడ మీద నా తరగతి పిల్లలు వరసగా కూర్చుని చూస్తున్నారు. బండి గుంటల్లో ఎగిరెగిరి పడుతున్నది. "ఎట్టా ఉంది మేష్టారూ, బాగుందా?" అని నరసింహారావుగారు కేకవేశారు. నోట్లో చెంచా ఉన్నందువల్ల నేను తల మాత్రం కొద్దిగా ఊపాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడో రోజు హైమావతి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నేను వద్దంటే వాళ్ళు ఆగుతారా?"

"ఆగరు."

"మీరు?"

నేను కంచం వంక చూశాను. ఆమె మజ్జిగ పోసింది.

"పందెం ఏమన్నా గానీయండి. దాని చప్పుడు మట్టుకు చెడకుండా తీసుకురండి. వాడు పిడుగురాళ్ల పోయొచ్చినా దారిలో ఆగి ఆగి దానికి నీళ్ళు తాగించేవాడు. ఆ రేడియేటరుకి పాత అతుకు ఉంది, వచ్చే ఏటికి మంచిది సంపాదిస్తానన్నాడు. మీకు తెలుసు గదా."

తెలుసు. మజీద్ ఆ అతుకును మళ్ళీ కాల్చి సీసం పోశాడు. నిలుస్తుందా అని అడిగాను.

"ఇక్కడ నిలుస్తది మాస్టర్ సాబ్. రెంటచింతల ఎండకు నేను హామీ ఇవ్వలేను" అన్నాడు.

పందెం రోజు తెల్లవారి మిల్లు గేటు ముందు నాలుగు బండ్లు నిలబెట్టారు. మావి రెండు, గుంటూరువి రెండు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పురోహితుడు మంత్రం చదువుతూ రేడియేటరు మూతను పసుపు తాడుతో బిగించి కట్టాడు. ముడి మీద లక్క పోసి, పత్తి బేళ్ళ మీద వేసే మిల్లు ముద్ర నొక్కారు. నా కుడి చేతికి కూడా తాడు కట్టారు. నరసింహారావుగారు నన్ను భుజం పట్టి బండి ఎక్కించి తలుపు మూశారు.

"ఇంక మాచర్లలోనే దిగడం. అక్కడ బంగళా దగ్గర ముందే పోయి ఉంటా."

హైమావతి నింపి ఇచ్చిన నీళ్ళ డబ్బా నా కాళ్ళ దగ్గర ఉంది. అది ఎవరూ వద్దనలేదు. మూత తియ్యనంతకాలం దానితో పని లేదు గదా.

పిడుగురాళ్ల దాటకుండానే గుంటూరు బండి ఒకటి సున్నం బట్టీల దగ్గర ఆగిపోయింది. గురజాల ముందు మా డాక్టరుగారి కారు పొగలు కక్కింది. ఆయన దిగి తన కంకణం తానే తెంచుకుని కళ్ళకద్దుకుంటున్నారు. ఇక మేమూ, మా వెనకాల ఎక్కడో రెండో గుంటూరు బండీ మిగిలాం.

గురజాల తరువాత ఎండ మీద పడింది. అటూ ఇటూ కోసేసిన జొన్నచేలు, తెల్లటి నాపరాళ్ళు. కంకర రోడ్డు మీద గాలి కొలిమి నుంచి వచ్చినట్టు వస్తున్నది. బండి కుదిపినప్పుడల్లా ముందు నుంచి నీళ్ళ తుంపర మా ముఖాల మీద పడసాగింది. వేడి తుంపర. అతుకు విడిందని తెలిసిపోయింది. మరికాసేపటికి మూత అంచుల నుంచి ఆవిరి లేచింది. లక్క మెత్తబడి, మిల్లు ముద్ర చెరిగిపోయి, రేడియేటరు మీద ఎర్రగా కారింది. పసుపు తాడు మాత్రం తడిసి ఇంకా బిగుసుకుంది.

"ఆపు నాయనా, నీళ్ళు పొయ్యాలి" అన్నాను.

"ఇంకెంత దూరం మేష్టారూ! రెంటచింతల దాటితే మాచర్లే."

"అంత దూరం రాదు. ముద్ర ఎటూ కరిగిపోయింది."

"ముద్ర బోతే బోనీయండి. తాడుంది గదా. కట్టిన కంకణం నా చేత్తో తెంచమంటారా? మా మామ నన్ను పత్తిలో పెట్టి బేలు తొక్కిస్తాడు."

"నేను తెంచుతాను. నువ్వు ఆపు."

"మీరు దిగితే పందెం పోద్ది. దిగకుండా ఎట్టా తెంచుతారు?" అని వాడు నవ్వాడు. బడిలో ఉన్నప్పుడు కూడా లెక్క తప్పు చేసి అలాగే నవ్వేవాడు. "గట్టిగా కూర్చోండి మేష్టారూ. మీకేం కానియ్యను."

నాకేమీ కాదని నాకూ తెలుసు.

రోడ్డు కొంచెం ఎగువకు తిరిగింది. అక్కడ ఇంజనులో కొత్త చప్పుడు మొదలైంది. మూసిన తలుపు వెనక నుంచి ఎవరో వేలి కణుపుతో కొడుతున్నట్టు, టక్కు టక్కుమని. మొదట అప్పుడప్పుడు. తరువాత ఆగకుండా. కాలుతున్న నూనె వాసన వచ్చింది.

"భుజంగం, విను."

"వింటన్నానండీ."

"అది వాడు చేసిన ఇంజను."

"నాకు తెలవదా మేష్టారూ? వాడు నా పక్కన కూర్చున్నోడు." భుజంగం ఈసారి నవ్వలేదు. "వాడే ఉంటే గెలిచే పందెం ఆపుకుంటాడా? చెప్పండి."

వాడు ఆపుకునేవాడు. ఎవరూ చూడని చోట కూడా ఆపి, ఇంజను చల్లారేదాకా చెట్టుకింద కూర్చుని వచ్చేవాడు. అందుకే వాళ్ళమ్మ కంచం కడిగి పెట్టి ఎదురుచూడవలసి వచ్చేది. ఇది భుజంగానికి చెప్పాలని అనుకున్నాను. చెయ్యి చాపి స్విచ్చి కట్టేశాను. మజీద్ రోజూ దాన్ని తిప్పడం చూస్తున్నాను గనక ఎక్కడుందో వెతకవలసిన పని లేకపోయింది.

బండి కొంత దూరం ఊరికే దొర్లి ఆగింది. భుజంగం నోరు తెరుచుకుని నా వంక చూశాడు. నేను తలుపు తీసుకుని దిగాను.

ముడి విప్పడం చేతకాలేదు. పెన్సిళ్ళు చెక్కే బ్లేడు జేబులో ఉంటే దానితో కోశాను. ఉత్తరీయం చుట్టి మూతను తిప్పాను. ఆవిరి ఒక్కసారి పైకి తన్నింది. కుడి మణికట్టు కాలింది. భుజంగం తల పట్టుకుని రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు.

వెనక ఉన్న గుంటూరు బండి అప్పుడే వచ్చింది. అది ఆగలేదు, నెమ్మది మాత్రం అయింది. అందులోంచి ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఏంది భుజంగం, టీ కాగిందా? మాకూ ఓ లోటా పొయ్యి!"

"పోరా! పోయి మీ ముంతలో తాగు!" అని భుజంగం రాయి తీసుకుని లేచాడు. విసరలేదు. రాయి కింద పడేసి నా వంక తిరిగాడు. "మామకు నేనే ముందు చెప్పాల మేష్టారూ. వీళ్ళ నోటంట వింటే ఇంకా బాగోదు." ఆ బండి వెనకే పరిగెత్తి మెట్టు మీద నిలబడి వెళ్ళిపోయాడు. ఇంతకు ముందే తిట్టిన మనిషి వాడికి చెయ్యి అందించడం చూశాను.

ఆ రోడ్డు మీద నేనూ బండీ మిగిలాం. నీడ లేదు. డబ్బాలో నీళ్ళున్నాయి. నీళ్ళు పొయ్యడానికి వీల్లేదు. మండుతున్న ఇంజనులో చల్లటి నీళ్ళు పోస్తే ఇనుము పగులుతుందని మావాడు వాళ్ళమ్మకు చెబుతుంటే విన్నాను. నీళ్ళు పొయ్యకపోతే ఆమె దగ్గరికి ఏం తీసుకుపోతానో తెలియదు. చెయ్యగలిగింది ఏమీ లేక నిలబడ్డాను. లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నది.

నాపరాళ్ళు దించి వస్తున్న ఖాళీ ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. బండి తోలేవాడు దిగి మోటారు చుట్టూ తిరిగి చూశాడు. పేరు దానయ్య, రెంటచింతల అని చెప్పాడు.

"ఏందయ్యా, మీ ఎద్దు చచ్చిందా?"

"ఇంకా తెలియదు."

"నీళ్ళు పక్కనెట్టుకుని చూస్తన్నారేంది? పొయ్యండి మరి!"

"ఇప్పుడు పోస్తే పగులుతుంది. చల్లారాలి."

"అట్టనా." దానయ్యకు వెంటనే నమ్మకం కుదిరింది. "మా ఎడ్లకూ అంతే. పరిగెత్తొచ్చిందానికి కుడితి చూపియ్యం." అతను తన బండి నీడలో నాకు చోటిచ్చి కూర్చోబెట్టాడు. నా చెయ్యి చూసి, "అదేంది, కంకణం కట్టుకుని ఇట్టా నడిరోడ్డున కూకున్నారు? పెళ్ళా ఇంట్లో?" అన్నాడు.

"లేదు. మోటారు పందెం."

దానయ్య నా వంక కాసేపు చూసి, చుట్ట వెలిగించుకుని, ఆ మాట అంతటితో వదిలేశాడు.

రేడియేటరు మీద చెయ్యి పెట్టగలిగినప్పుడు డబ్బాలో నీళ్ళు కొద్దికొద్దిగా పోశాను. అవి కింద నుంచి సన్నగా కారుతూనే ఉన్నాయి. హాండిలు ఎలా తిప్పాలో దానయ్యకు చెప్పాను. రెండు చేతులా పట్టుకుని బావిలో నీళ్ళు తోడినట్టు తిప్పాడు. రాలేదు. బూతు ఒకటి తిట్టి మళ్ళీ తిప్పాడు. ఇంజను అందుకుంది. దానయ్య వెనక్కి గెంతాడు, ఎడ్లు బెదిరాయి. నేను వెంటనే స్విచ్చి కట్టేశాను.

"బతికింది గదయ్యా, ఎందుకు ఆపారు?"

బతికిందని తెలిసింది. ఎలా బతికిందో ఆ రోడ్డు మీద, ఒక్కడినీ వినడానికి నాకు ధైర్యం లేకపోయింది.

దానయ్య మోకులతో మోటారును తన బండి వెనక కట్టాడు. "ఆ చక్రం పట్టుకు కూకోండి. లేకపోతే గుంటలోకి పోద్ది" అన్నాడు. నేను మా అబ్బాయి కూర్చునే చోట కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. అది నాకు మొదటిసారి. ఎడ్ల వెనక, చిక్కటి దుమ్ములో, బండి ఎటు పోతే అటు తిప్పుతూ రెంటచింతల దాకా వెళ్ళాను.

ఊరి మొగదల నరసింహారావుగారి పెద్ద కారు ఎదురొచ్చింది. ఆయన ఎడ్లను చూశారు, నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని కాలినచోట చూసి, ఆ ఊళ్ళో డాక్టరును పిలిపించి మందు రాయించారు.

"గెలిచిన పందెం గదా మేష్టారూ" అని మాత్రం అన్నారు. కట్టు కట్టడం అయ్యాక మళ్ళీ అందుకున్నారు. "పందెం సంగతి పోనీయండి. కట్టిన కంకణం నడిదారిలో తెంచడం మీ ఇంటికి మంచిది గాదు. పురోహితుడు నా వెంటే వచ్చాడు, అడిగా. అదే బండికి, అదే యజమానికి మళ్ళీ కట్టి మాచర్ల చేరిస్తేనే ఆ దోషం పోద్దంట. వచ్చే ఏడు చేయిద్దాం. మీరు బెంగపడమాకండి."

మా ఇంటికి ఇంకేం జరగాలని నేను అడగలేదు. చుట్టూ జనం ఉన్నారు. "చూద్దామండీ" అన్నాను. ఆయన దాన్ని సరే అన్నట్టు తీసుకున్నారు.

మిల్లు లారీలో మోటారును మర్నాడు ఇంటికి చేర్చారు. మజీద్ వచ్చి రేడియేటరు విప్పి అతుకు వేశాడు, నూనె మార్చాడు. సాయంత్రమైంది. హైమావతి నా చేతి కట్టు చూసింది, బండి చూసింది, వచ్చి గడప మీద కూర్చుంది. మజీద్ హాండిలు తిప్పాడు.

ఇంజను గొంతు సవరించుకుంది. తరువాత సాగవలసిన సన్నటి చప్పుడు సాగలేదు. దాని నిండా ఆ కొట్టుడు ఉంది. మజీద్ ఏదో తిప్పి చూశాడు. తగ్గింది, పోలేదు. అతను నా వంక చూశాడు.

"ఇది వాడిది కాదు" అంది హైమావతి.

మజీద్ ఆపేశాడు. ఆమె లేచి దీపం పెట్టింది. చీకటి ఇంకా పడలేదు.

లోపల బేరింగులు కాలిపోయాయని మజీద్ తరువాత నాకు చెప్పాడు. ఇంజను పూర్తిగా విప్పి కొత్తవి వెయ్యాలి. అలాంటివి సర్కారు కంట్రోలు సరుకు గనక మాలాంటివాళ్ళకు దొరకవు. ఎంత జాగ్రత్తగా నడిపినా ఈ ఇంజను ఎక్కువ కాలం రాదు. తిప్పిన ప్రతిసారీ కొంత అరుగుతుంది.

వారం తిరగకముందే భుజంగం వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పుల వంక చూస్తూ మాట్లాడాడు.

"మామ మదరాసుకు కబురంపాడండీ. బేరింగులు, కొత్త రేడియేటరు అన్నీ తెప్పిస్తాడంట. మీరేం చూసుకోనక్కర్లేదు. వచ్చే ఏటి పందేనికి తయారైతే చాలన్నాడు." మెట్టు దిగి మళ్ళీ వెనక్కి తిరిగి, "నేనా రోజు ఆపాల్సింది మేష్టారూ" అన్నాడు.

"వెళ్ళు నాయనా. నేను వచ్చి చెబుతాను" అన్నాను.

ఆ మాటలన్నీ హైమావతి లోపల నుంచి వింటున్నది. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది.

"కొత్తవి వేస్తే చప్పుడు బాగవుతుందట" అన్నాను.

"ఎవరి చప్పుడు?"

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"వాడి చేత్తో బిగించినవి తీసి ఇంకెవరో బిగిస్తారు. మిమ్మల్ని మళ్ళీ తాడు కట్టి అందులో కూర్చోబెడతారు. అంతేనా?"

"అంతే."

"వెయ్యకపోతే?"

"ఎక్కువ కాలం రాదు."

ఆమె చేట పక్కన పెట్టింది. "రానన్నాళ్ళు రానీయండి" అంది. అని, తప్పుగా అన్నానని తానే సరిచేసుకుంది. "వచ్చినన్నాళ్ళు రానీయండి."

మర్నాడు నేను మిల్లుకు వెళ్ళాను. నరసింహారావుగారు కూర్చోమన్నారు. నేను నిలబడే చెప్పాను. చెప్పవలసింది దారిలో కూడబలుక్కున్నాను గనక ఒక్క మాటలో అయిపోయింది.

"బండి ఇక రోడ్డెక్కదండీ. నన్ను క్లబ్బులోంచి తీసెయ్యండి."

ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టారు.

"క్లబ్బులోంచి తీసెయ్యడానికేముంది మేష్టారూ. మోటారు లేనోడు ఎటూ మెంబరు గాడు. మోటారుండి పందేనికి రానోడిని ఏం చెయ్యాలో మా రూళ్ళల్లో లేదు." ఆయన నవ్వలేదు. "ఆ పాక బడిది. పిల్లల బెంచీలు పెట్టుకోవడానికి కమిటీ ఎప్పటినించో అడుగుతంది. నేనే ఆపుతా వస్తన్నా. మీ ఇష్టం, ఆలోచించుకోండి."

నేను నమస్కారం పెట్టి వచ్చాను. ఆ నెలాఖరుకు పాక ఖాళీ చెయ్యాలని కమిటీ బంట్రోతు వచ్చి చెప్పిపోయాడు. బండిని ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తోచడం లేదు. మజీద్ షాపు ముందు అతని మంచం పట్టేంత చోటు కూడా లేదు. మా ఇంటి వాకిలి బండి పట్టేంత వెడల్పు కాదు. ఇల్లు కూడా వాళ్ళదే గదా అని హైమావతి ఒకసారి అంది, బెదురుగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. నేను రోజూ బడికి పోతున్నాను, అదే ఇంటికి తిరిగి వస్తున్నాను.

మజీద్ ఇప్పుడు రోజూ రావడం లేదు. అరుగుదల తగ్గాలని రెండు మూడు రోజులకోసారి వస్తున్నాడు. రాని రోజుల్లో హైమావతి ఆ వేళకు ఏదో పని కల్పించుకుంటుంది. నిన్న వచ్చాడు. నా చెయ్యి మానింది గనక హాండిలు నేను తిప్పుతానన్నాను. అతను పక్కకు జరిగాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి అందుకుంది. లోపల కొట్టుడు అలాగే ఉంది, ఇంకొంచెం పెద్దదయినట్టుంది. మజీద్ స్విచ్చి మీద చెయ్యి పెట్టి గడప వైపు చూశాడు.

"ఇంకాసేపు ఉండనీయి" అంది హైమావతి.